మూడవ యిల్లు: కృష్ణా డెల్టాలో దాంపత్యభంగము, స్నేహితుల సహవాసము

తెలుగునాట స్త్రీకి రెండు ఇండ్లు గలవని లోకవ్యవహారము. ఒకటి పుట్టినిల్లు, రెండవది మెట్టినిల్లు. పురుషుని యింటికి ఇట్టి విశేషణము లేదు. అతడు పుట్టినదియు ఉండునదియు ఒక్కటే యగుటచే దానిని వట్టి 'ఇల్లు' అనియే వ్యవహరించిరి. మెట్టినింటి తలుపు మూతపడినపుడు స్త్రీ పుట్టినింటికి పోవలయును. తలిదండ్రులు గతించినచో అన్నదమ్ముల పంచకు చేరవలయును. ఈ రెండింటికి వెలుపల, చుట్టరికము లేని స్నేహితులతో కలిసి, ఒక కప్పు క్రింద, ఒక పొయ్యిమీద వండుకొని బ్రదుకు వసతికి మన భాషలో పేరు ఏర్పడలేదు. ఈ వ్యాసమున దానిని 'మూడవ యిల్లు' అని వ్యవహరింతుము. దాంపత్యము చెడిన వారికి అట్టి యిల్లు కృష్ణా డెల్టాలో ఎన్నడు, ఏ పేరు చాటున లభించినదో విచారించుట మా ఉద్దేశము.

ఈ సీమను ఎన్నుకొనుటకు కారణము గలదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టా కాలువలు పాఱినవి. 1893లో కృష్ణపై రైలు వంతెన ఏర్పడి, బెజవాడ ఉత్తర దక్షిణములకు కూడలియైనది. కాలువలతో ధనము, రైలుతో జనము వచ్చినవి. ఊరు విడిచి పట్టణమున ఒంటరిగా నివసించు ఉద్యోగి, గుమాస్తా, అచ్చుకూటపు కూర్పరి, విద్యార్థి వీధివీధిన కనబడజొచ్చిరి. ఇట్టి పురుషులు నలుగురు చేరి ఒక గదిని అద్దెకు తీసికొనుట, భోజనమునకు మెస్సుకు పోవుట ఎవరికిని వింతగా తోచలేదు. వారిలో ఒకనికి భార్యతో పొత్తు కుదరకపోయినను, ఆమె పుట్టింటికి పోయియున్నను, గది మాత్రము దొరకెను. స్త్రీ విషయమున ఇట్లు జరుగలేదు. ఆమె మిత్రురాలితో గది తీసికొనుటకు నూఱేండ్ల చరిత్ర పట్టినది.

ముందుగా డెల్టా గ్రామపు ఇంటి కట్టుబడిని జ్ఞాపకము చేసికొనవలయును. కలిగినవారిది మండువా లోగిలి. వీధివైపు అరుగు, లోపల నాలుగు వసారాల నడుమ మండువా, వెనుక వంటయిల్లు, దానికి ఆవల పెరడు, బావి. స్నేహితుని స్థానము అరుగు. అతడు ఎంతటి ప్రాణమిత్రుడైనను ఆ అరుగుననే కూర్చుండును, చుట్ట కాల్చును, రాజకీయములు మాటలాడును, ఎండకాలమున అచ్చటనే నిద్రించును. బంధువు మండువా దాటి లోనికి వచ్చును. వంటయిల్లు ఆ యింటి స్త్రీలకే పరిమితము. మడి ఆచారము గల యిండ్లలో వారికిని సర్వకాలములందు కాదు. స్నేహమునకు మన పూర్వులు ఇంట చోటు ఇచ్చిరనుట సత్యమే, కాని ఆ చోటు వీధికి ఎదురుగా ఉండెను. స్త్రీకి ఈ అరుగు కూడ లేదు. ఆమె స్నేహము బావిగట్టున, కాలువ రేవున, పేరంటమున సాగినది. దీపము పెట్టు వేళకు ఎవరింటికి వారు పోవలసినదే.

పరాయివానికి అన్నము పెట్టు పద్ధతులు మనకు లేకపోలేదు. సత్రములు గలవు. వారమునకు ఒక యింట భోజనము కుదుర్చుకొని చదువుకొను వారాలబ్బాయిలు గలరు. వీనికంటె మన విషయమునకు దగ్గఱైనది పూటకూళ్ళ యిల్లు. వల్లభరాయని పేరను, కొందఱి మతమున శ్రీనాథుని పేరను చెల్లుచున్న క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటియింట ఒక రూకకు దొరకు భోజనము వర్ణితమైనది. ఆ కావ్యమున నగరము చూడ వచ్చిన గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి జోడును గమనింపుడు: ఒకడు బ్రాహ్మణుడు, రసికుడు, రెండవవాడు కోమటి. తెలుగు సాహిత్యమున పొత్తు కుదరని మిత్రుల జంటకు ఇంతకంటె పాత ఉదాహరణము వెదకుట కష్టము. కాని వారు కలిసి తిరుగుదురు, తినుదురు, ఆడుదురేగాని కలిసి కాపురము చేయరు. ఊరు చూచుట ముగిసిన వెనుక వారి స్నేహము ఎట్లుండెనో కవి పట్టించుకొనలేదు.

పూటకూళ్ళ యింటిని నడపువారు తఱచుగా వితంతువులు. గురజాడ అప్పారావు 1892లో ఆడించి, 1897లో ప్రకటించి, 1909లో తిరుగవ్రాసిన కన్యాశుల్కమున విజయనగరపు పూటకూళ్ళమ్మ ఇట్టిదే. ఆమె యింట గిరీశము ఉండుట, తినుట, అప్పుపడుట, కడకు ఆమె చీపురు పుచ్చుకొని మధురవాణి యింటికి వచ్చి, మంచము క్రింద గిరీశమనుకొని రామప్పపంతులును బాదుట పాఠకులెఱిగినదే. ప్రేక్షకులు నవ్వుదురు. మేము ఇచ్చట మఱొక సంగతి చూచుచున్నాము. భర్త పోయిన స్త్రీ అన్నదమ్ముల పంచకు పోక, పరాయివారికి వండిపెట్టి స్వంత సంపాదనపై బ్రదుకుట ఆనాడు ఈ ఒక్క వృత్తిలోనే సాధ్యమయ్యెను. అందుకు ఆమె చెల్లించిన మూల్యము అపనింద. పేరైనను నాటకమున ఆమెకు దక్కలేదు, వృత్తియే పేరైనది.

భర్త మరణముచే గాక తెగతెంపులచే ముగిసిన దాంపత్యముల మాట వేఱు. 'విడాకులు' అను మాటలోని ఆకు పత్రము అను అర్థముననే యున్నదని మా అభిప్రాయము. వ్రాతతోనో, కులపెద్దల యెదుట మాటతోనో వివాహమును తెంచుకొనుట, పిదప మారుమనువు పోవుట డెల్టాలోని పెక్కు శ్రమజీవి కులములకు క్రొత్తగాదు. ఆ కులముల స్త్రీకి తన కూలి, తన గుడిసె ఉండుటచే తెగతెంపులు ఆమెను వీధిపాలు చేయలేదని చెప్పవచ్చును. భూవసతి గల కుటుంబములందును, బ్రాహ్మణ కుటుంబములందును స్థితి దీనికి విపరీతము. అచ్చట వివాహము విడిపోవుటయే లేదు. భర్త విడిచిపెట్టుట మాత్రము గలదు. సంస్కరణోద్యమ చరిత్రలు వితంతువును గూర్చి విస్తారముగా వ్రాసినవి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము జరిపించిన తొలి వితంతు వివాహము ప్రతి పాఠ్యపుస్తకమున గలదు. భర్త బ్రదికియుండగనే ఒంటరియైన స్త్రీకి అంతటి చరిత్రకారుడు దొరకలేదు.

శాసనములు ఆలస్యముగా వచ్చినవి. రోతగొలుపు రోగము, క్రూరత్వము, పరిత్యాగము, భర్త మరల పెండ్లాడుట మొదలగు కారణములపై హిందూ భార్య వేఱుగా నివసించి భరణము కోరవచ్చునని 1946 నాటి కేంద్ర శాసనము ఒప్పుకొన్నది. మద్రాసు రాష్ట్రమున 1949లో ద్విభార్యాత్వమును నిషేధించి విడాకులను అనుమతించు శాసనము వచ్చినది. కృష్ణా జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్ర భాగమే. 1955 నాటి హిందూ వివాహ శాసనము దేశమంతటికి విడాకుల విధానమును ఏర్పఱచి, తన 29వ విభాగమున కులాచారసిద్ధమైన విడాకులను అట్లే నిలిపినది. 1946 శాసనపు పేరులోనే 'ప్రత్యేక నివాసము' అను మాట గలదు. నివాస హక్కు కాగితముపై వచ్చినది. ఆ నివాసమునకు వలసిన ఇల్లు ఎచ్చట నుండి రావలయునో శాసనకర్తలు చెప్పలేదు. వారి మనస్సున ఉన్నది పుట్టినిల్లే యని ఊహించుట తప్పు కానేరదు.

ఈ కొఱతను శాసనములకు ముందే కనిపెట్టిన రచయిత చలము. 1927లో వెలువడిన మైదానమున రాజేశ్వరి ప్లీడరగు భర్తను విడిచి అమీరుతో వెడలిపోవును. కొంతకాలమునకు మీరా వారితో చేరును. ఆ నవల నీతి అవినీతులపై జరిగిన వాదములు పెక్కు. నివాసస్థలమును గూర్చి మాత్రము విమర్శకులు అంతగా మాటలాడలేదు. చలము వారిని ఏ పట్టణపు వీధిలోను కాపురముంచలేదు. ఊరికి వెలుపల, ఏటి దరిని, గుడిసెలో ఉంచెను. దీనిని ప్రకృతిప్రేమగా చెప్పువారు గలరు. ఆనాటి ఏ పట్టణమునను ఆ ముగ్గురకు ఒక వాటా అద్దెకు ఇచ్చువారు ఉండరు గనుక మైదానము తప్ప రచయితకు గత్యంతరము లేకుండెనని మాకు తోచుచున్నది.

పాశ్చాత్య దేశముల మాట వచ్చినచో, 1965లో న్యూయార్కున ప్రదర్శితమైన నీల్ సైమన్ నాటకము 'ది ఆడ్ కపుల్' ఈ విషయమున జగత్ప్రసిద్ధము. భార్య వెళ్ళగొట్టిన ఫీలిక్సు, అంతకుముందే విడాకులు పొందిన ఆస్కరు అపార్టుమెంటున చేరును. ఒకడు మితిమీఱిన శుభ్రత గలవాడు, రెండవవాడు చిందరవందర మనిషి. వంటయింటి గోడకు భోజనము విసరికొట్టు వఱకు వారి కలహము పోవును. అందలి హాస్యము పుట్టుటకు ఒక భౌతికాధారము గలదు: ఆస్కరుకు ఎనిమిది గదుల అపార్టుమెంటు ఉన్నది, ఇద్దఱికిని ఉద్యోగములున్నవి, ఇద్దఱు పురుషులు ఏల కలిసియున్నారని అద్దెయింటి యజమాని అడుగడు. సైమనే 1985లో ఆ పాత్రలను స్త్రీలుగా మార్చి తిరుగవ్రాసెను. కృష్ణా డెల్టాలో దాంపత్యము చెడిన ఇద్దఱు స్త్రీలు వంటయింట కలహించుటకు ముందు, వారికి ఆ వంటయిల్లు దొరకవలసి యుండెను. అది తొలుత దొరకినది రాజకీయము చాటున.

1942లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధము తొలగినది. అటుతరువాతి ఐదాఱు సంవత్సరములు విజయవాడ ఆంధ్ర కమ్యూనిస్టులకు ముఖ్య కేంద్రము. ప్రజాశక్తి పత్రిక అచ్చటినుండి వెలువడెను. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ అచ్చట జరిగెను. పూర్తికాలము పనిచేయు కార్యకర్తలు, వారి కుటుంబములు ఒకచోట ఉండి, వచ్చిన కొలది సొమ్మును ఒకచోట చేర్చి, ఒకే వంటయింట భుజించు ఏర్పాటును 'కమ్యూను' అనిరి. ఈ ఇంగ్లీషు మాట డెల్టా గ్రామములలో ఆడువారి నోట సయితము వాడుకలోనికి వచ్చినది. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ జీవనమును ఎఱుగుటకు ముఖ్యాధారము. తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల వాఙ్మూలములతోపాటు మోటూరు ఉదయము, మానికొండ సూర్యావతి, కొండపల్లి కోటేశ్వరమ్మ వంటి కృష్ణా తీరపు స్త్రీల మాటలును అందు గలవు.

కమ్యూను యొక్క విశేషము సిద్ధాంతమున కంటె వంటయింటనే స్పష్టముగా కనబడును. కులము వేఱు, ఊరు వేఱు, అలవాట్లు వేఱు, వయస్సు వేఱు. ఒకరు మండువా లోగిలి నుండి వచ్చినవారు, ఒకరు గుడిసె నుండి వచ్చినవారు. బాల్యముననే వైధవ్యము పొంది పునర్వివాహము చేసికొన్నవారు, తలిదండ్రులను ఎదిరించి వచ్చినవారు, భర్తవెంట వచ్చి భర్తకంటె ముందుకు నడచినవారు అందు ఉండిరి. వీరు ఒకరినొకరు కోరి ఎన్నుకొన్న స్నేహితులు కారు. ఉద్యమము వారిని ఒక కప్పు క్రిందికి చేర్చినది. ఇట్టి యింట కారము ఎక్కువయైనదనియు, నీళ్ళ వంతు తప్పినదనియు, ఒకరి బిడ్డ ఏడ్పు మఱొకరి నిద్రకు భంగమనియు కలహములు రాకుండునా? వీనిని చరిత్రకు తగని అల్పవిషయములుగా త్రోసివేయరాదు. పుట్టింటికి తిరిగివచ్చిన ఆడపడుచు వదినెతో కూరలో ఉప్పును గూర్చి పోట్లాడలేదు. ఆమె అచ్చట ఉండుట ఇంటివారి దయ; దయపై ఉన్నవారు ఉప్పు చాలలేదని చెప్పరు. కమ్యూనులో పోట్లాడుటకు హక్కు గలదు, ఏలయన అచ్చటి బియ్యములో ఆమె భాగము గలదు. మూడవ యింటిని తక్కిన రెండిటినుండి వేఱుచేయునది ఈ హక్కేయని మా నిర్ణయము.

అయినను కమ్యూనును స్వర్గముగా చిత్రించుట న్యాయము కాదు. వివాహము, వియోగము అచ్చట ఇద్దఱి విషయముగా మిగులలేదు. పార్టీ విచారింపదగిన విషయములైనవి. కులపెద్దల స్థానమున క్రొత్త పెద్దలు వచ్చిరనుటకు తావు గలదు. మీదు మిక్కిలి, ఆ యింటికి ఆధారమైన పార్టీ ఎంతకాలము నిలుచునో యిల్లును అంతకాలమే. 1948లో మద్రాసు ప్రభుత్వము కమ్యూనిస్టులపై నిర్బంధకాండ ఆరంభించుటతో కమ్యూనులు చెదరిపోయినవి. వాని స్థానమున 'డెన్'లు ఏర్పడినవి. డెన్ అనగా పోలీసుల కన్నుగప్పి పరాయి పట్టణమున నడపు రహస్య గృహము. పూర్వపరిచయమైనను లేని స్త్రీపురుషులు పొరుగువారి యెదుట అన్నాచెల్లెండ్రుగను, వదినామరదండ్రుగను, తల్లీకొడుకులుగను నటింపవలసి వచ్చెను. ఇచ్చట ఒక చమత్కారము గలదు. చుట్టరికము లేనివారు కలిసియుండుటకు కుదిరిన ఈ యింటికి చుట్టరికపు వేషము వేయకున్నచో ఒక్క దినమైనను అద్దె దొరకదు. కమ్యూనులో గెలుచుకొన్న కలహపు హక్కును డెన్ మరల అపహరించినది. గోడకు చెవులున్న యింట ఎవరు గొంతెత్తుదురు?

ఈ మూడు దశలను ఒక జీవితమున చూపదగిన వ్యక్తి కొండపల్లి కోటేశ్వరమ్మ. ఆమె 1918లో కృష్ణా జిల్లా పామర్రున జన్మించెను. విజయవాడ నుండి బందరు పోవు బాటలోని ఊరది. ఊహ తెలియకమునుపే పెండ్లి, కొలదికాలముననే వైధవ్యము. పిదప కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహము. ఇరువురు కమ్యూనిస్టు ఉద్యమమున పనిచేసిరి. ఆమె పాటలు పాడెను, మహిళాసంఘమున తిరిగెను, నిర్బంధకాలమున బిడ్డలను తల్లి అంజమ్మకు అప్పగించి అజ్ఞాతవాసమునకు పోయెను. అజ్ఞాతవాసము ముగిసినది, దాని వెనుక దాంపత్యమును ముగిసినది. సీతారామయ్య ఆమెను విడిచి వెడలెను. 1980లో పీపుల్స్ వార్ పార్టీని స్థాపించిన నాయకునిగా ఆయనకు చరిత్రలో పుటలు గలవు. ముప్పదియైదేండ్ల ప్రాయమున, చేత చదువుగాని ధనముగాని లేక, ఇద్దఱు బిడ్డలతో నిలిచిన స్త్రీ ఎచ్చట నివసించెనను ప్రశ్నను ఆ పుటలు అడుగలేదు.

ఆమె హైదరాబాదున ఆంధ్రమహిళాసభలో చేరి మెట్రిక్యులేషను చదివెను. ఈ సంస్థను 1937లో మదరాసున స్థాపించిన దుర్గాబాయి స్వయముగా బాల్యవివాహమును త్రోసిపుచ్చిన స్త్రీ. ఎనిమిదవ యేట జరిగిన పెండ్లిని వయస్సు వచ్చిన పిదప నిరాకరించి, భర్తను మఱొకరిని చేసికొమ్మని చెప్పి, చదువును సాగించెను. చదువు ఆగిపోయిన వయోజన స్త్రీలకు కొలదికాలములో పరీక్షకు సిద్ధముచేయు తరగతులు, వాని వెంట వసతిగృహము ఆమె పద్ధతి. వసతిగృహము లేని తరగతి అట్టివారికి నిరుపయోగమని ఆమె గ్రహించెను. ఇచ్చట చేరినవారు వితంతువులు, పరిత్యక్తలు, పేదలు. వయస్సులు కలియవు, కులములు కలియవు, మాటయాసలు కలియవు. కమ్యూనిస్టుగా తిరిగి వచ్చిన స్త్రీ కాంగ్రెసు నాయకురాలి సంస్థలో, రాజకీయమే యెఱుగని స్త్రీల నడుమ పుస్తకము పట్టుకొని కూర్చుండుటలోని విడ్డూరమును గమనింపుడు. పార్టీ ఇచ్చిన యిల్లు పోయిన వెనుక ప్రతిపక్షము కట్టిన యిల్లు ఆమెకు ఆధారమైనది.

అటుపిమ్మట కాకినాడ మహిళా పాలిటెక్నిక్ వసతిగృహమున ఆమె మేట్రనుగా ఉద్యోగము చేసెను. ఈ ఉద్యోగమును మేము సామాన్యముగా ఎంచము. మఱొకరి పిల్లల వసతిని చూచుకొను పని ద్వారమున ఆమెకు నెలజీతము, తలుపు వేసికొనదగిన గది లభించినవి. పూటకూళ్ళమ్మకును ఆమెకును నడుమ అరువది డెబ్బది యేండ్లు గడచినను, పరాయివారి భోజనవసతులను చూచుటయే ఒంటరి స్త్రీకి జీవికగా నిలుచుట ఆలోచింపదగినది. ఒక్క భేదము: పూటకూళ్ళమ్మకు అపనింద వచ్చినది, మేట్రనుకు గౌరవము వచ్చినది. ఆ భేదమును తెచ్చినది జీతపు రిజిస్టరు.

పార్టీతోను ప్రభుత్వముతోను సంబంధము లేని ప్రయత్నము ఒకటి కృష్ణా జిల్లాలోనే జరిగినది. నాస్తిక భావములచే కళాశాల ఉద్యోగములను పోగొట్టుకొన్న గోరా, భార్య సరస్వతితో కూడ 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును నెలకొల్పెను. 1947లో అది విజయవాడ పటమటకు మాఱెను. కులము లేని పంక్తి, సామాన్యమైన వసతి అచ్చటి ఆచారము. ఆ కుటుంబపు కృషి నుండియే 1969లో వాసవ్య మహిళా మండలి పుట్టినది. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వము అను మూడు మాటల తొలి అక్షరములు చేర్చి ఆ పేరు పెట్టిరి. కాపురము చెడిన స్త్రీకి ఆశ్రయము, పని నేర్పుట దాని కార్యక్రమములలో చేరినవి. డెల్టాలో ఈ విషయమున ఎడతెగక సాగిన కృషి ఇదియేయని చెప్పవచ్చును. అయితే ఆశ్రయము వేఱు, ఇల్లు వేఱు. ఆశ్రయమున ఉండుటకు గడువు గలదు.

శాసనముల కథ 1955తో ముగియలేదు. 1956 నాటి హిందూ వారసత్వ శాసనపు 23వ విభాగము కుటుంబము నివసించు గృహమును గూర్చినది. మగ వారసులు పంచుకొన నిశ్చయించువఱకు కుమార్తె ఆ యింటిలో వాటా అడుగరాదు. అవివాహితయో, వితంతువో, భర్త విడిచినదియో, భర్తనుండి విడిపోయినదియో యైనచో అందు నివసింపవచ్చును. అనగా పుట్టింట ఆమె ఉండవచ్చును గాని, తన గదిని తనదని వేఱుచేసికొనజాలదు. ఈ విభాగము 2005 వఱకు పోలేదు. ఆంధ్రప్రదేశము అంతకు ముందే ఒక అడుగు వేసినది. 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెలకు పిత్రార్జితమున సమాన భాగము కల్పించినది. కాని అప్పటికే వివాహమైన స్త్రీలకు అది వర్తింపలేదు. వివాహమై, అది చెడి, పుట్టింట తలదాచుకొన్న స్త్రీలే ఆ హక్కు నుండి తప్పిపోయిరి.

1983లో సరిత అను సినిమానటి దావాలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి పి. ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు ఇచ్చట స్మరింపదగినది. వేఱుగా నుండు భార్యను కాపురమునకు రమ్మని కోర్టు ఆజ్ఞాపించుటకు వీలిచ్చు 9వ విభాగమును ఆయన రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను. మఱుసటి సంవత్సరమే, మఱొక దావాలో, సుప్రీంకోర్టు ఆ విభాగమును నిలిపినది. 2005 నాటి గృహహింస శాసనము 'ఉమ్మడి గృహము' అను మాటను నిర్వచించి, అందు నివసించు హక్కును స్త్రీకి ఇచ్చినది. మెట్టినింటి తలుపు ఆమె ముఖాన వేయరాదని శాసనము తొలిసారి స్పష్టముగా చెప్పినది. ఈ శాసనములన్నియు పుట్టినిల్లు, మెట్టినిల్లు అను రెండిటి చుట్టునే తిరిగినవని పాఠకులు గ్రహించియుందురు.

మూడవ యిల్లు అద్దె బజారున దొరకవలసినదే. విజయవాడలో అద్దె యింటికి జనము వాడు మాట 'వాటా'. యజమాని క్రింద ఉండి మేడపై వాటాను, లేక ముందు తాను ఉండి వెనుక వాటాను అద్దెకిచ్చుట గవర్నరుపేట, సత్యనారాయణపురము మొదలగు పేటల పద్ధతి. 'వాటా' యనగా ఆస్తిలో భాగమను అర్థమును గలదు. కుమార్తెకు తండ్రి యింట ఇయ్యని మాటనే అద్దెకు వచ్చిన పరాయివారికి ఇచ్చితిమి; భాష ఒక్కొక్కప్పుడు తెలియకయే పరిహసించును. వాటాలో మెట్లు, కుళాయి, పెరడు యజమానితో ఉమ్మడి. కనుకనే ఎవరు, ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటివారు ఏమి చేయుదురు అను ప్రశ్నలు అద్దెకంటె ముందు వచ్చును. ఇద్దఱు స్త్రీలు వాటా అడుగ వచ్చినచో 'ఇంటివారు' అను ప్రశ్నకు బదులేమి? ఉద్యోగినుల వసతిగృహములకు కేంద్రప్రభుత్వము 1972–73 నుండి ధనసహాయము చేసినది. పట్టణమున అపార్టుమెంటులు లేచిన తరువాత యజమాని అదే గుమ్మమున కాపురముండుట తగ్గినది. స్నేహితురాండ్రు ఇద్దఱు ముగ్గురు అద్దె పంచుకొనుట నేడు విజయవాడలో అపురూపము కాదు. వారిలో కాపురము చెడి వచ్చినవారు ఆ మాటను యజమానితో చెప్పరు. ఉద్యోగమునకై వచ్చితిమని మాత్రము చెప్పుదురు. డెన్‌లోని వేషము ఈ రీతిని మిగిలియున్నది.

కోటేశ్వరమ్మ తన జీవితచరిత్రను 2012లో 'నిర్జన వారధి' అను పేరున ప్రకటించెను. అప్పటికి ఆమె వయస్సు తొంబది నాలుగు. కుమారుని, కుమార్తెను ముందుగానే పోగొట్టుకొన్నది. సీతారామయ్య 2002లో విజయవాడలోనే మరణించెను. స్మృతిగ్రంథములను ఆధారముగా గొనునపుడు ఆరు దశాబ్దుల దూరమును లెక్కింపవలయుననుట నిజమే. కాని ఇంటినుండి ఇంటికి మాఱిన క్రమమును మనుష్యులు తేదీలకంటె బాగుగా జ్ఞాపకముంచుకొందురు. వృద్ధాప్యమున ఆమె కొంతకాలము హైదరాబాదున చండ్ర రాజేశ్వరరావు పేర నడచు వృద్ధాశ్రమమున ఉండెను. ఉద్యమమున తిరిగిన సమవయస్కుల నడుమ, ఉమ్మడి భోజనశాలతో, విజయవాడ కమ్యూను ముసలితనమున మరల ఎదురైనట్లే ఆ వసతి. కడపటి సంవత్సరములను విశాఖపట్టణమున మనుమరాలి యింట గడిపి, నూఱేండ్లు నిండిన పిదప 2018 సెప్టెంబరు 19న మరణించెను. ఆ యిల్లు పుట్టినిల్లును గాదు, మెట్టినిల్లును గాదు. తాను పెంచిన బిడ్డ యింటికి తెలుగున పేరున్నదేమోనని మేము నిఘంటువులు వెదకితిమి, లేదు.